రేకు తెగే చోటు: డాక్టర్ బ్రహ్మప్రకాశ్ జీవిత రేఖలు

హైదరాబాదు పాతబస్తీలో, చార్మినారు చుట్టుపట్ల సందులలో, వెండి వరఖు కొట్టే సుత్తెల చప్పుడు తరతరాలుగా వినిపిస్తూ వచ్చింది. చిన్న వెండి తునకను పొరల పుస్తకం నడుమ ఉంచి గంటల తరబడి ఒకే లయతో మోదితే అది ఊపిరికి ఎగిరిపోయే రేకవుతుంది. ఆ పిదప మిఠాయి మీదికెక్కుతుంది. ఎన్ని దెబ్బలకు ఆ వెండి ఎంత పలుచనవుతుందో, ఏ దెబ్బకు చిరుగుతుందో ఆ పనివాడు ఏ పుస్తకంలోనూ చదువుకోలేదు. అది అతని మణికట్టుకు తెలిసిన విద్య. ఓరుగల్లు సీమలోని పెంబర్తిలో ఇత్తడి రేకు మీద దేవతామూర్తులను ఉబ్బెత్తుగా తీర్చే శిల్పులకూ ఈ విద్య తెలుసు. ఇంకొక్క దెబ్బ వేస్తే దేవుని ముక్కు కొన చిట్లుతుందని వారి చేయి ముందుగానే పసిగట్టి ఆగిపోతుంది.

ఆ పాతబస్తీకే ఆగ్నేయంగా కొద్ది మైళ్ల దూరాన కంచన్‌బాగ్ ఉన్నది. ఆ పేరు వినగానే తెలుగువానికి కాంచనం స్ఫురించక మానదు. సాగే గుణంలో లోహాలన్నిటికీ రాజు ఆ కాంచనమే. ఒక గ్రాము బంగారాన్ని అర చదరపు మీటరు మేర పరచుకొనే రేకుగా కొట్టవచ్చు. అయితే నేటి కంచన్‌బాగ్‌లో సాగేది బంగారం కాదు. 1963లో హైదరాబాదులో స్థాపితమైన రక్షణ లోహ పరిశోధనశాల, 1973 నవంబరు 20న ఏర్పడిన మిశ్రధాతు నిగమం అక్కడ ఉన్నవి. అక్కడి లోహాలు ప్రత్యేకమైన ఉక్కులు, టైటానియం, నికెలు కలిసిన మిశ్రధాతువులు. ప్రశ్న మాత్రం వరఖు పనివానిదే: ఈ రేకు ఎంతవరకు సాగుతుంది? ఎక్కడ పలుచబడుతుంది? ఎప్పుడు తెగుతుంది? ఈ రేకులు మిఠాయి మీదికి గాక రాకెట్టు లోనికీ విమానం లోనికీ పోతాయి గనుక, జవాబును మణికట్టుకు వదలిపెట్టడానికి వీలులేదు. రేకు తెగకముందే లెక్క కట్టి చెప్పవలసి ఉంటుంది.

మిశ్రధాతు నిగమం వారి నివాసాల నడుమ ఒక పాఠశాల ఉన్నది. దాని పేరు బ్రహ్మప్రకాశ్ డి.ఏ.వి. పాఠశాల. పిల్లలు నిత్యం తమ నోటుపుస్తకాల మీద రాసుకొనే ఆ పేరు ఏ యోగీశ్వరునిదో, ఏ మఠాధిపతిదో అనిపించవచ్చు. అది ఒక లోహ శాస్త్రవేత్త పేరు. తెలుగు పాఠాలు చెప్పుకొనేవానికి ఈ లోహాల గొడవ ఎందుకని అడిగేవారుంటారు. మన పద్యాలలో కంసాలి మూస, సుత్తె, పటకారు లెక్కకు మించి కనిపిస్తాయి. మూసలో కరగిన లోహం తరువాత ఏమయిందో తెలుసుకోగోరటం తప్పు కాదని నా విన్నపం.

బ్రహ్మప్రకాశ్ 1912 ఆగస్టు 21న లాహోరులో జన్మించారు. చదివినది రసాయన శాస్త్రం. ఆనాటి లాహోరులో రసాయన శాస్త్రమంటే శాంతిస్వరూప్ భట్నాగర్. తరువాతి కాలంలో దేశమంతటా జాతీయ పరిశోధనశాలల వరుసను నెలకొల్పిన ఆ భట్నాగర్ సన్నిధిలోనే ఈ యువకుడు పరిశోధన నేర్చి, పంజాబు విశ్వవిద్యాలయం నుండి డాక్టరు పట్టం పొందారు. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన పిదప భారత ప్రభుత్వ విద్యార్థి వేతనం మీద అమెరికాకు వెళ్లి, మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయంలో మరొక డాక్టరు పట్టానికి కృషి చేశారు. ఒకసారి డాక్టరు అయినవాడు మరల శిష్యుడుగా కూర్చొనడం సామాన్యమైన సంగతి కాదు. అయితే రసాయనజ్ఞుడు లోహజ్ఞుడు కావడానికి అంతకన్న దగ్గరి దారి లేదు.

అక్కడ ఆయనకు లభించిన గురువులిద్దరిని గూర్చి ఒక మాట చెప్పాలి. గాడిన్ అనే ఆచార్యుడు నాసిరకపు రాతిపొడి నుండి విలువైన ఖనిజపు రేణువులను నురగకు అంటించి పైకి తేల్చే విద్యలో ప్రసిద్ధుడు. యుద్ధకాలంలో తక్కువ పాలు యురేనియం ఉన్న రాళ్ల నుండి దానిని రాబట్టే పనికి ఆధిపత్యం వహించినవాడు. జాన్ చిప్‌మన్ అనే రెండవ ఆచార్యుడు కరగిన ఉక్కులో ఆక్సిజను, గంధకం వంటివి ఎంత మేర కరగి ఉండగలవో ఉష్ణగతి శాస్త్ర సూత్రాలతో లెక్క కట్టినవాడు. ఒకరు లోహం పుట్టకముందటి దశను, మరొకరు అది మూసలో ఉన్న దశను బోధించారు. రేకు తెగటానికీ ఈ విద్యలకూ సంబంధమేమిటని పాఠకులు ఆలోచిస్తుంటారు. సంబంధం అంతా అక్కడే ఉన్నది, మెల్లగా వద్దాము.

ఆయన తిరిగి వచ్చేసరికి పుట్టిన ఊరు మరొక దేశంలో ఉన్నది. స్వతంత్ర భారతంలో హోమీ భాభా నాయకత్వాన పరమాణు శక్తి సంఘం అప్పుడే అంకురిస్తున్నది. బ్రహ్మప్రకాశ్ అందులో లోహ శాస్త్రవేత్తగా చేరారు గాని, ఆ సంఘానికి నాటికి లోహ పరిశోధనకు తగిన కొలిమి కూడ లేదు. 1951లో ఆయన బెంగుళూరులోని భారత విజ్ఞాన మందిరంలో లోహ శాస్త్ర శాఖకు అధిపతి అయ్యారు. భారతీయులలో ఆ పీఠాన్ని అధిష్ఠించిన మొదటివారు ఆయనే. 1957 వరకు అక్కడ ఉపాధ్యాయులుగా పనిచేశారు. కొత్త దేశానికి లోహాలకన్న ముందు లోహజ్ఞులు కావలసివచ్చారు. ఆ ఆరేడేళ్లు ఆ విధంగా వినియోగపడ్డాయి.

ఏ లోహ శాస్త్ర శాఖలోనైనా విద్యార్థికి మొదట చూపే ప్రయోగాలలో ఒకటి లాగుడు పరీక్ష. ఒక పట్టీని రెండు కొసలా బిగించి యంత్రంతో లాగుతారు. మొదట కొంత సాగి, విడిచిపెడితే మరల యథాస్థితికి వస్తుంది. ఇంకా లాగితే ఇక వెనుకకు రాదు, శాశ్వతంగా సాగుతుంది. లోహపు ఘనపరిమాణం మారదు గనుక, పొడవు పెరిగినకొద్దీ మందమూ వెడల్పూ తరగవలసిందే. ఇక్కడ రెండు బలాల పోటీ మొదలవుతుంది. లోహం సాగినకొద్దీ గట్టిపడుతుంది. మన కంసాలి తగడు కొడుతూ కొడుతూ నడుమ ఆపి కుంపటిలో కాచి మెత్తబరుచుకొనేది ఇందుకే. కాచకుండ కొడితే పెళుసెక్కి చిట్లుతుంది. ఆ గట్టిపడటం పట్టీని కాపాడుతుంది: ఒకచోట కొంచెం పలుచనైతే, ఆ చోటు గట్టిపడి, సాగే భారాన్ని పొరుగు చోటుకు అప్పగిస్తుంది. అందుచేత పట్టీ అంతటా సమంగా సాగుతుంది. అయితే గట్టిపడే వేగం క్రమంగా మందగిస్తుంది. పలుచబడటం మాత్రం ఆగదు. ఒక క్షణాన పలుచబడటం గెలుస్తుంది. అప్పుడు సాగుడంతా ఒక్కచోటికే చేరుతుంది. అక్కడ నడుము సన్నబడి పట్టీ తెగిపోతుంది. ఆ క్షణం ఎప్పుడు వస్తుందో లెక్క చెప్పినవాడు ఫ్రాన్సు దేశపు వంతెనల ఇంజనీరు ఆర్మాన్ కన్సిడేర్, సంవత్సరం 1885. లోహం గట్టిపడే వేగం, ఆ క్షణాన అది మోస్తున్న ఒత్తిడికి సమానమైనప్పుడు నడుము మొదలవుతుందని ఆయన సూత్రం.

పట్టీ విషయం అంతటితో తీరింది. రేకు విషయం అంత సులభంగా తీరలేదు. రేకును అచ్చులో పెట్టి గిన్నెగానో గోళార్ధంగానో నొక్కినప్పుడు అది ఒక దిశలో గాక రెండు దిశలలో ఒకేసారి సాగుతుంది. 1952లో ఇంగ్లండులో రాడ్నీ హిల్ రేకులో ఏటవాలుగా పడే సన్నని గాడి ఎట్లా ఏర్పడుతుందో గణితంతో చూపించాడు. 1960 దశకంలో అమెరికాలో కీలర్ మరింత సుబోధమైన ఉపాయం కనిపెట్టాడు: రేకు మీద ముందుగా చిన్న చిన్న వృత్తాలు అచ్చువేసి, ఆ తరువాత నొక్కటం. వృత్తాలు కోడిగుడ్డు ఆకారానికి సాగుతాయి. రేకు చిరిగినచోట వృత్తం ఎంత సాగిందో, చిరగని చోట ఎంత సాగిందో కొలిస్తే ఆ రేకు దాటరాని గీత ఏదో తెలుస్తుంది. మన పురాణాలలోని లక్ష్మణరేఖకు ఇంతకన్న మంచి ప్రయోగశాల ఉపమానం నాకు తోచదు.

1967లో పోలండు శాస్త్రజ్ఞులు మార్సినియాక్, కుచిన్‌స్కీ అనేవారు మరొక మెట్టు ముందుకు వెళ్లారు. ఏ రేకూ అంతటా ఒకే మందంతో ఉండదు. ఎక్కడో ఒకచోట పుట్టుకతోనే కించిత్తు పలుచన ఉంటుంది. ఆ లోటు నూటికి ఒక పాలే కావచ్చు. రేకు సాగుతున్నకొద్దీ ఆ లోటు తన పొరుగుకన్న వేగంగా సాగి, పెరిగి, కడపటికి చీలిక అవుతుంది. రేకు తెగే చోటు తెగే నాటికి నిర్ణయమయ్యేది కాదు. రేకు పుట్టిననాడే అది నిర్ణయమై ఉన్నది. మందంలో లోటు ఉండనవసరం లేదు. లోపల ఒక ఆక్సైడు రేణువు, ఒక మలినపు చార, స్ఫటికాల అమరికలో ఒక తేడా ఉంటే చాలు.

ఇక్కడ ఒక అతిశయోక్తిని తొలగించుకోవాలి. ఈ సూత్రాలలో ఏదీ బ్రహ్మప్రకాశ్ కనిపెట్టినది కాదు. స్తోత్రపాఠం చేయబోయి ఆయన తలమీద పరాయి కిరీటం పెట్టటం మర్యాద కాదు. ఆయన చేసినది మరొక పని, నా దృష్టిలో అంతకు తక్కువది కాదు. రేకు తెగే చోటు దాని పుట్టుకలోనే ఉన్నదన్నది నిజమైతే, ఆ పుట్టుకను, అంటే ఖనిజపు ఇసుక మొదలుకొని మూస, కొలిమి, గొట్టం వరకు ప్రతి మెట్టును మన దేశంలో మన అదుపులోనికి తేవటమే ఆయన జీవితమంతా చేసిన పని. పరదేశం నుండి కొని తెచ్చిన రేకు ఎంత మంచిదైనా దాని జాతకం మనకు తెలియదు.

ఆ పని ట్రాంబేలో ఆరంభమయింది. 1959లో అక్కడి కర్మాగారంలో పరమాణు పనికి తగినంత శుద్ధమైన యురేనియం లోహపు దిమ్మ తయారయింది. 1960 జూలై 10న పనిచేయటం మొదలుపెట్టిన సైరస్ రియాక్టరుకు కావలసిన ఇంధనపు కడ్డీలలో కొంతభాగం ఈ దేశపు యురేనియంతోనే, ఈ దేశపు చేతులతోనే తయారైనవి. ఆ కడ్డీల మీద అల్యూమినియం తొడుగు ఉంటుంది. తొడుగు పలుచనిది, యురేనియానికీ నీటికీ నడుమ నిలిచే గోడ అదొక్కటే. 1961లో పద్మశ్రీ, 1963లో తన గురువు పేర వెలసిన భట్నాగర్ పురస్కారం, 1968లో పద్మభూషణ్ ఆయనను వరించాయి. బిరుదుల మాట ఇంతటితో చాలు.

విద్యుత్తును ఉత్పత్తి చేసే పెద్ద రియాక్టర్లలో అల్యూమినియం తొడుగు నిలవదు. ఆ వేడికి మెత్తబడిపోతుంది. అక్కడ కావలసినది జిర్కోనియం. ఈ లోహాన్ని గూర్చి కొంచెం విస్తరించి చెప్పక తప్పదు, ఎందుచేతనంటే హైదరాబాదుతో బ్రహ్మప్రకాశ్‌కు ముడిపడిన బంధం దీనితోనే.

కేరళ, తమిళనాడు సముద్రతీరాలలో ఇసుకతో కలసి జిర్కాన్ అనే ఖనిజం దొరుకుతుంది. దానిలో జిర్కోనియంతోపాటు దాని కవల సోదరుడా అనిపించే హాఫ్నియం నూటికి రెండు పాళ్ల మేర ఉంటుంది. రసాయన ధర్మాలలో రెండింటికీ పోలిక ఎక్కువ. వేరుచేయటం మహా కష్టం. రియాక్టరులో మాత్రం రెండింటికీ హస్తిమశకాంతరం. జిర్కోనియం న్యూట్రాన్లను తనగుండా పోనిస్తుంది. హాఫ్నియం అంతకు వందల రెట్లు ఆబగా మింగివేస్తుంది. అందుచేత ద్రావకాలతో పదేపదే కడిగి హాఫ్నియాన్ని వేరుచేయాలి. మిగిలిన జిర్కోనియాన్ని క్లోరైడుగా మార్చి, మెగ్నీషియంతో రాబట్టితే బూడిదరంగు స్పంజి వంటి ముద్ద వస్తుంది. దానిని కరగించాలంటే 1,850 డిగ్రీలకు పైబడిన వేడి కావాలి. పైగా వేడెక్కిన జిర్కోనియం గాలిలోని ఆక్సిజనునూ నైట్రోజనునూ తాగి పెళుసెక్కుతుంది. మామూలు మూసలో పోసి కరగిస్తే మూసనే తినివేస్తుంది. కనుక శూన్యంలో, ఆ లోహాన్నే విద్యుత్ ధ్రువంగా చేసి, నీటితో చల్లబరచే రాగి పాత్రలోనికి చుక్కలు చుక్కలుగా కరగించాలి. తరువాత ఆ దిమ్మను కాచి, దూర్చి, సాగదీసి, కడపట చల్లని స్థితిలోనే దొర్లించి గొట్టంగా పలుచబరచాలి. గాడిన్ నేర్పిన విద్యా, చిప్‌మన్ నేర్పిన విద్యా రెండూ కలసి ఒక్క గొట్టంలో సాక్షాత్కరించటం ఇక్కడ చూడవచ్చు. రసాయనం చదివి లోహానికి వచ్చినవాడు దీనికి అవసరమయ్యాడు.

గొట్టపు గోడ మందం అర మిల్లీమీటరు కన్న తక్కువ. లోపల యురేనియం ఆక్సైడు బిళ్లలు. బయట వేడి నీరు. మన దేశపు భారజల రియాక్టర్ల తొలి నమూనాలో ఇట్లాంటి గొట్టాలు 19 కలిపి ఒక కట్ట. కట్ట పొడవు దాదాపు అర మీటరు. ఒక రియాక్టరు గర్భంలో 3,672 కట్టలు. అంటే దాదాపు 70 వేల గొట్టాలు. అందులో ఏ ఒక్కటి చిట్లినా లోపలి విషం నీటిలో కలుస్తుంది. నూటికి తొంభైతొమ్మిది మంచి గొట్టాలు చేశామని చెప్పుకొనటానికి వీలులేని వృత్తి ఇది. ఆ లెక్కన 700 గొట్టాలు చెడ్డవైనట్లు. పరీక్షలో నూటికి తొంభైతొమ్మిది వస్తే ఎగిరి గంతులు వేసే విద్యార్థులు ఈ అంకెను ఒకసారి తలచుకోవాలి.

గొట్టం తెగే తీరు కూడ రేకు తెగే తీరే. ఏ కారణం చేతనైనా చల్లబరచే నీరు తగ్గి గొట్టం వేడెక్కిందనుకోండి. లోపలి వాయువులు దానిని బుడగవలె ఉబ్బిస్తాయి. ఉబ్బినకొద్దీ చుట్టుకొలత పెరుగుతుంది, గోడ పలుచనవుతుంది. ఈ రెండూ ఒత్తిడిని పెంచేవే. పెరిగిన ఒత్తిడి ఇంకా ఉబ్బిస్తుంది. ఎక్కడ గోడ ముందునుంచే కాస్త పలుచన ఉన్నదో, ఎక్కడ వేడి కాస్త ఎక్కువో అక్కడ బుడగ ముదిరి పగులుతుంది. ఏ వేడికి, ఏ ఒత్తిడికి, ఎంత కాలానికి ఇది జరుగుతుందో ముందుగా లెక్క కట్టటం రియాక్టరు భద్రతలో ఒక ముఖ్య ప్రకరణం. జిర్కోనియం స్ఫటికాలు ఆరు ముఖాల స్తంభాల వంటివి. అన్ని దిశలలో ఒకే విధంగా లొంగవు. గొట్టాన్ని దొర్లించే పద్ధతిని బట్టి ఆ స్తంభాలు ఒక వరుసకు వస్తాయి. సరైన వరుసకు తెస్తే గోడ పలుచబడటాన్ని అవి ఎదిరిస్తాయి. తప్పుడు వరుసకు తెస్తే, నీటి నుండి లోహంలోనికి చేరిన హైడ్రోజను గోడకు అడ్డంగా పెళుసు రేకులు కట్టి, చీలికకు దారి చూపుతుంది. గొట్టాన్ని ఎట్లా దొర్లించాలన్న ప్రశ్నలోనే అది ఎట్లా తెగుతుందన్న ప్రశ్న దాగి ఉన్నది.

ఈ పని అంతటికీ ఒకే ఆవరణలో నెలవు కల్పించే కర్మాగారం హైదరాబాదు ఉత్తర దిక్కున మౌలాలి దగ్గర వెలసింది. 1971లో ఏర్పడిన ఆ పరమాణు ఇంధన సంస్థ రూపకల్పనలో బ్రహ్మప్రకాశ్‌ది ప్రధాన హస్తం. ఒక ద్వారం గుండా తీరపు ఇసుక ఖనిజమూ, యురేనియం ముడిపదార్థమూ లోపలికి పోతాయి. మరొక ద్వారం గుండా గొట్టాల కట్టలు బయటికి వస్తాయి. నడుమ ఏ మెట్టూ పరాయి చేతిలో లేదు. ఇంత ఆడంబరం దేనికి, గొట్టాలు బయట కొనుక్కోరాదా అనేవారు అప్పట్లో లేకపోలేదు. 1974 మే 18న పోఖరణ్‌లో పరీక్ష జరిగిన పిదప కెనడా తన సహాయాన్ని ఉపసంహరించుకొన్నది. రాజస్థాన్‌లో రెండవ రియాక్టరు సగం కట్టిన స్థితిలో ఉన్నది. కొనుక్కోవచ్చునన్న వాదానికి జవాబు చెప్పవలసిన అవసరం ఆనాటితో తీరిపోయింది. ఆ రియాక్టరు ఆలస్యంగానైనా 1981లో మన వారి చేతుల మీదుగానే వ్యాపార స్థాయిలో విద్యుత్తును ఇవ్వనారంభించింది.

ఆ పాటికి బ్రహ్మప్రకాశ్ పరమాణు శాఖను వదలి చాలాకాలమయింది. 1971 డిసెంబరు 30న విక్రమ్ సారాభాయ్ అకాల మరణం చెందారు. తిరువనంతపురం దగ్గర తుంబాలో ఉన్న అంతరిక్ష కేంద్రాలను ఏకం చేసి సారాభాయ్ పేర ఒకే సంస్థగా రూపొందించారు. 1972లో దానికి మొదటి సంచాలకులుగా అరవయ్యేళ్ల బ్రహ్మప్రకాశ్ వచ్చారు. పదవీ విరమణకు సిద్ధపడే వయసులో పరమాణువును వదలి రాకెట్టును పట్టుకొనటం సాహసమే. అయితే లోహజ్ఞుని కంటికి రాకెట్టు కూడ ఒక పలుచని గొట్టమే గదా! ఘన ఇంధనం మండేటప్పుడు లోపలి ఒత్తిడి గోడను అన్ని వైపులా సాగదీస్తుంది. గోడ మందంగా ఉంటే తెగదు గాని బరువుకు రాకెట్టు లేవదు. పలుచగా ఉంటే లేస్తుంది, లేచినాక తెగవచ్చు. ఈ రెండింటి నడుమ ఉన్న ఇరుకు సందులోనే రాకెట్టు ఇంజనీరు బతుకు.

మన తొలి ఉపగ్రహ వాహకం ఎస్.ఎల్.వి.-3. ఎత్తు 22 మీటర్లు, బరువు 17 టన్నులు. దాని నాయకుడు అబ్దుల్ కలాం. ఉడుకునెత్తురు గల ఆ యువ నాయకుని తొందరను బ్రహ్మప్రకాశ్ నిదానం సరిదిద్దుతూ వచ్చింది. ఆయన వినయాన్ని చూచి తనలోని దూకుడును తగ్గించుకొన్నానని కలాం తన ఆత్మకథలో కృతజ్ఞతతో చెప్పుకొన్నారు. 1979 ఆగస్టు 10న ఆ రాకెట్టు శ్రీహరికోట నుండి లేచి, కొద్ది నిమిషాలలో బంగాళాఖాతంలో కూలిపోయింది. గోడ తెగి కాదు. రెండవ దశను అదుపు చేసే వ్యవస్థలో ఒక కవాటం చెడి, ఆమ్లం కారిపోయి. ఎన్నో ఏళ్ల కష్టం నీటిపాలై కుంగిపోయిన కలాంను ఓదార్చి వెంటబెట్టుకొని తీసుకువచ్చినవారు బ్రహ్మప్రకాశే. ఆ ఏడు ముగియకముందే ఆయన సంచాలక పదవి నుండి తప్పుకొన్నారు. 1980 జూలై 18న అదే వాహకం 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో ప్రవేశపెట్టింది. ఆ దినాన ఆ పీఠం మీద ఆయన లేరు. పొలం దున్ని విత్తినవాడు కోతనాటికి కౌలు మారినట్లయింది. ఆయన దానికి చింతించినట్లు కలాం ఎక్కడా రాయలేదు.

ఇక కంచన్‌బాగ్ మాట. పరమాణువుకూ, అంతరిక్షానికీ, రక్షణకూ కావలసిన ప్రత్యేక లోహాలు వేరువేరు చోట్ల కొద్ది కొద్దిగా తయారుచేసుకొంటే గిట్టుబాటు కాదు. బయటినుంచి కొందామంటే అమ్మేవారు తలుపులు మూస్తున్నారు. అన్నిటికీ కలిపి ఒక్క మూస కావాలన్న ఆలోచన నుండి మిశ్రధాతు నిగమం పుట్టింది. ధాతువు అన్న మాటకు సంస్కృతంలో లోహమనీ, శరీర ధాతువనీ, క్రియకు మూలమనీ మూడు అర్థాలు. వ్యాకరణం చెప్పేవానికి ఈ పేరు చూచినప్పుడల్లా చిరునవ్వు రాక మానదు. ఆ నిగమానికి పునాది వేసిన పెద్దలలో బ్రహ్మప్రకాశ్ ఒకరు. హైదరాబాదు ఉత్తరాన ఒక మూస, దక్షిణాన మరొక మూస. రెండింటా ఆయన చేయి ఉన్నది. మార్ఏజింగ్ ఉక్కు అనే ఒక జాతి ఉక్కు ఈ కంచన్‌బాగ్‌లోనే తయారవుతుంది. అందులో నికెలు నూటికి 18 పాళ్లు, బొగ్గుసత్తువ దాదాపు శూన్యం. మామూలు ఉక్కుకు బలమిచ్చేదే ఆ బొగ్గుసత్తువ. దానిని తీసివేసి, నికెలు, కోబాల్టు, మాలిబ్డినం వంటివి కలిపి, కాచి, గంటల తరబడి నెమ్మదిగా వేడిలో ఉంచి మాగబెడితే, పెళుసుదనం రాకుండానే మహాబలం వస్తుంది. పి.ఎస్.ఎల్.వి. వాహకపు తొలి దశ గోడ ఈ ఉక్కుదే. 1994 అక్టోబరు 15న ఆ వాహకం తొలిసారి విజయం సాధించినప్పుడు చూడటానికి ఆయన లేరు.

1984 జనవరి 3న డాక్టర్ బ్రహ్మప్రకాశ్ కన్నుమూశారు. ఆయన వయసు అప్పటికి 71 ఏళ్లు. మద్రాసుకు దక్షిణాన కల్పాక్కంలో మన ఇంజనీర్లే కట్టుకొన్న తొలి రియాక్టరు అంతకు ఆరు నెలల ముందు రగులుకొన్నది. ఆయన పోయిన 24వ నాడు, జనవరి 27న, అది వ్యాపార స్థాయిలో విద్యుత్తును ఇవ్వనారంభించింది. దానిలోని గొట్టాల కట్టలు హైదరాబాదులో తయారైనవి.